మణికట్టు మీద నూనె

పుత్తూరులో ఇప్పుడు బషీరాను పిలిచే ఇళ్లు తగ్గిపోయాయి. ముస్లింల ఇళ్లలో ఆడమనిషి పోతే చివరి స్నానం చేయించడానికి నగరి నుంచి ఒకావిడను ఆటోలో తీసుకొస్తున్నారు. ఆ ఆటో బషీరా ఇంటి ముందు నుంచే పోతుంది. అరుగు మీద కూర్చుని తెల్లగుడ్డ చింపుతున్న బషీరా తలెత్తి చూస్తుంది, మళ్లీ గుడ్డ మీదికి చూపు దించుకుంటుంది. కోపం లేదు. కోపానికి కూడా కాస్త బలం కావాలి.

గుడ్డ చింపడం ఆమె బతుకుతెరువు. ఈ ఊరికి ఎక్కడెక్కడి నుంచో విరిగిన చేతులూ కాళ్లూ వస్తుంటాయి. బస్సు దిగి, రైలు దిగి, పక్కవాడి భుజం మీద వాలి, కట్టు కట్టించుకోవడానికి వస్తాయి. ఆ కట్లు కట్టే ఇళ్లకు బషీరా గుడ్డ పీలికలు చుట్టి ఇస్తుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచెల అంచును పంటితో కొరికి రెండు చేతులా లాగితే, గుడ్డ ఒక్క నిట్టూర్పుతో చీలిపోతుంది. ఆ నిట్టూర్పు వినీ వినీ ఆమె ఊపిరి కూడా అలాగే తయారైంది.

చివరి స్నానం పని మాత్రం బతుకుతెరువు కాదు. దానికి ఆమె ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. అది అత్త దగ్గర నుంచి వచ్చింది. పెళ్లయిన కొత్తలో అత్త ఆమెను వెంటబెట్టుకుని ఒక ఇంటికి వెళ్లింది. చుట్టూ దుప్పట్లతో కట్టిన పరదా. మధ్యలో మసీదు నుంచి తెచ్చిన చెక్క బల్ల మీద ఎవరో పెద్దావిడ, నిద్రపోతున్నంత తేలికగా. రేగాకులు వేసి కాచిన నీళ్ల పచ్చివాసన. అత్త చెంబును బషీరా చేతికిచ్చి ఒకే ఒక్క మాట చెప్పింది.

"నీళ్లు పోసే చేతికి కళ్లుంటాయి, నోరుండదు. పోయినోళ్ల ఒంటి మీద ఏం సూసినా అది నీతోనే మట్టిలోకి పోవల్ల. కప్పినోళ్లను అల్లా కప్పుతాడు."

ఆ మాటను బషీరా కొంగున ముడేసుకుంది. ఏళ్లు గడిచాయి. గొడుగులు బాగుచేసే భర్త పీరా సాహెబ్ ఒక వానాకాలంలో పోయాడు. అత్త పోయింది, ఆమెకూ బషీరానే నీళ్లు పోసింది. ఊళ్లో ఎన్ని ఒళ్లు ఆమె చేతుల కిందుగా మట్టిలోకి నడిచిపోయాయో ఆమె లెక్కపెట్టుకోలేదు. వాతలు, కుట్లు, మొగుడికి కూడా చెప్పుకోని మచ్చలు, ఎవరి పేరో పచ్చబొట్టు పొడిపించుకుని తర్వాత చెరుపుకోబోయి చెరుపుకోలేకపోయిన చోట్లు. అన్నీ చూసింది. ఒక్కటీ ఆమె పెదవుల దాకా రాలేదు. బజారులో ఎదురుపడితే ఆడవాళ్లు సలాం చేసి కాస్త పక్కకు తప్పుకునేవారు. ఏదో ఒక రోజు తమనూ చూడబోయే కళ్లవి. ఆ కళ్ల కింద నోరు మూసే ఉంటుందన్న ధైర్యంతోనే ఆ వీధుల్లో ఆడవాళ్లు నిశ్చింతగా ముసలివాళ్లయ్యేవారు.

ఈ సంగతి మీద ఆమెతో వాదన పెట్టుకునేది ఒక్క మునిలక్ష్మి. పక్కింటావిడ. వడమాలపేట వైపు పల్లె నుంచి వచ్చి పూల వ్యాపారంలో స్థిరపడిన మనిషి. మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చునేవారు. ఒకామె పూలు కట్టేది, ఒకామె గుడ్డ చింపేది.

"మా దాంట్లో అయితే వాకిట్లోనే కూసోబెట్టి పోస్తారు మే," అనేది మునిలక్ష్మి. "కోడలొక చెంబు, కూతురొక చెంబు. ఈదంతా సూస్తాది. దాసేదేముండాది?"

"మా దాంట్లో దాసడమే పుణ్యం."

"అందురూ సూస్తే అది ఊరిది అయిపోతాది. ఒకదానివే సూస్తే అది నీకే గదా. అంతంత యాడ పెట్టుకుంటావు మే? నీ ఇంట్లో బీరువా గూడా లేదు."

బషీరా నవ్వేది. నవ్వు ఆమె ముఖంలో ఎక్కువసేపు నిలిచేది కాదు, వేసవిలో వాకిట చల్లిన నీళ్లలాగా.

"నాకొకటి తెలీక అడగతా," మునిలక్ష్మి వదిలేది కాదు. "మీకు దాస్తే పుణ్యం, మాకు దాస్తే పాపం. నగరి దాటి తమిళనాడు పక్కకు పోతే సినిమా టికెట్టు రేటు మారినట్ల, పాపం గూడా మారతాదా ఏంది?"

"ఏమో మే. నాకు అప్పజెప్పింది నేను జేస్తా ఉండా."

అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పూటకు సరిపోయేది. పూలు బుట్టలోకి, పీలికలు సంచిలోకి వెళ్లిపోయేవి. కొండ నీడ వీధి మీదికి పాకేది.

హుసేన్‌బీ పోయింది ఒక వైశాఖ మాసపు పొద్దున. మామిడికాయల లారీలు రోడ్డంతా వాసన పరుచుకుంటూ పోతున్న రోజులు. ఆమె కొడుకు జుల్ఫికర్ స్వయంగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రైల్వే గేటు దగ్గర అతనికి పరుపుల అంగడి ఉంది. ఎప్పుడు చూసినా జుట్టులో, కనురెప్పల మీద దూది పీచు ఉంటుంది. ఆ రోజూ ఉంది.

"ఖాలా, అమ్మీ పొయ్యింది," అన్నాడు. "సాయంత్రం అసర్ నమాజు అయినాక ఎత్తేద్దామంటాండారు. ఎండ సూసినావు గదా."

"అనీసాకు జెప్పినావా?"

"జెప్పినా. బస్సెక్కినాను అనింది."

అనీసా అతని చెల్లెలు. నాయుడుపేట దగ్గర ఒక బూట్ల కంపెనీలో పని. సెలవు దొరకడం గగనం. రంజానుకు వచ్చి పోయిన మనిషి మళ్లీ ఇప్పుడే రావడం.

హుసేన్‌బీని బషీరా ఎరుగును. ఒకప్పుడు పరుపుల అంగట్లో కూర్చుని చేతిసూదితో పరుపుకు గుబ్బలు కుట్టేది, మాటకు మాట అంటించేది. తర్వాత ఆమె జ్ఞాపకం అంచుల నుంచి ఊడిపోవడం మొదలైంది. మొదట వారాల పేర్లు పోయాయి. తర్వాత కొడుకు పేరు. చివరికి ఆమె దగ్గర మిగిలింది ఒక్కటే, చిన్నప్పటి పుట్టిల్లు. పొద్దు పొడవకముందే లేచి, చెన్నై రోడ్డు మీదికి నడిచిపోయి, వచ్చే ప్రతి లారీకీ చెయ్యెత్తేది, తనను వాళ్ల నాయన దగ్గరికి తీసుకుపొమ్మని.

ఇంటి వెనక పరదాలు కట్టి ఉన్నాయి. పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. జుల్ఫికర్ భార్య ఇఫ్ఫత్ రేగుకొమ్మ నుంచి ఆకులు దూసి నీళ్లలో వేస్తోంది. ముల్లు గుచ్చుకుని వేలి మీద చిన్న ఎర్రచుక్క. ఆమె తుడుచుకోలేదు. సన్నటి మనిషి, నిద్ర లేని కళ్లు. ఏడవడం లేదు. ఏడుపు మధ్యలో ఎక్కడో ఆమె చేతిలో నుంచి జారిపోయి, వెతికే ఓపిక లేక వదిలేసినట్లుంది.

"నేను నీళ్లు పోస్తా ఖాలా," అంది.

"పొయ్యమ్మా. మాట్లాడద్దు."

బషీరా చేతికి గుడ్డ చుట్టుకుంది. శవం మీద పరిచిన దుప్పటి తీయకుండా, దాని కిందుగానే కడుగుతూ వచ్చింది. కుడి భుజం. మోచెయ్యి. తర్వాత మణికట్టు దగ్గర ఆమె వేళ్లు ఆగాయి.

రెండు మణికట్ల చుట్టూ గోధుమరంగు గీతలు. పాత గాజుల జాడలాగా సన్నగా, గుండ్రంగా. చర్మం చిట్లలేదు. కానీ రోజూ ఒకే చోట గుడ్డ పడిన గుర్తు అది. గుడ్డతోనే బతికే బషీరాకు అది తెలుసుకోవడానికి వెలుతురు కూడా అక్కర్లేదు. ఆ గీతల మీద నూనె మెరుస్తోంది. కొబ్బరినూనె. ఇంత రేగునీళ్లు పోసినా పోవడం లేదు, చర్మంలోకి అంతగా ఇంకిపోయింది.

ఇఫ్ఫత్ చెంబు పట్టుకుని నిలబడే ఉంది. ధార ఆగిపోయింది.

"పోయమ్మా," అంది బషీరా.

నీళ్లు మళ్లీ పడ్డాయి. ఇఫ్ఫత్ గొంతు ఆ నీళ్ల కింద నుంచి వచ్చింది.

"ఇడ్సిపెడితే రోడ్డు మీదికి పోతాది ఖాలా. ఒకసారి కొంగు లారీకి తగులుకోని ఈడ్సినాది. కట్టేస్తే నన్ను సూసి ఏడుస్తాది. నేను నీళ్లకు పొయ్యేటప్పుడు, అన్నం వండేటప్పుడు, అంతే. మిగతాప్పుడంతా నా చెయ్యే పట్టుకోనుంటాది. దూది పెట్టి కట్టినా, పరుపుగుడ్డతో. ఏది తప్పు ఖాలా? ఇడ్సడమా, కట్టడమా?"

"నేను అడగలేదు. నువ్వు జెప్పద్దు."

కటువుగా అనలేదు. అలసటగా అంది. అడగడమంటే మోయడం. ఆమె భుజాల మీద ఇక చోటు లేదు.

ఇద్దరూ కలిసి హుసేన్‌బీని పక్కకు తిప్పారు. అప్పుడు బషీరా వీపు చూసింది.

మంచం పట్టి పోయినవాళ్ల వీపులు ఆమెకు తెలుసు. మేడలున్న ఇళ్లలో, ఇద్దరు ముగ్గురు కోడళ్లున్న ఇళ్లలో, వీధంతా మెచ్చుకునే కొడుకులున్న ఇళ్లలో ఆమె దుప్పటి ఎత్తి చూసిన, పుండ్లు పడ్డ వీపులు. వాటి గురించి ఎవరికీ చెప్పలేదు. ఆ కొడుకులు ఇప్పటికీ బజారులో తలెత్తుకునే తిరుగుతారు. హుసేన్‌బీ కూడా ఆఖరి నెలల్లో, రోడ్డు మీదికి లేచే పూటలు తప్ప, మంచం మీదే గడిపింది. కానీ ఆ వీపు అరటాకు లోపలి వైపులా ఉంది. ఒక్క పుండు లేదు, ఒక్క ఎర్రటి మచ్చ లేదు. రాత్రీ పగలూ ఎవరో ఆమెను అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు. ఎవరో పొడిగుడ్డతో ఒత్తుతూనే ఉన్నారు.

కట్టిన చెయ్యి, తిప్పిన చెయ్యి ఒకటే. ఆ చెయ్యి ఇప్పుడు చెంబు ముంచి నీళ్లు పోస్తోంది.

చివరి చెంబుల్లో కర్పూరం కలిపారు. ఒళ్లు తుడిచాక నుదుటి మీద, అరచేతుల్లో, మోకాళ్ల మీద, నమాజులో నేలకు ఆనే చోట్లన్నిటా బషీరా కర్పూరం అద్దింది. అరచేతుల నుంచి రాలిన పొడి మణికట్టు మీది నూనెకు అంటుకుని ఆ గీతలు ఇంకా తెల్లగా, ఇంకా స్పష్టంగా కనిపించాయి. తుడిచింది. పోలేదు.

ఆ తర్వాత చేసిన పని ఎందుకు చేసిందో ఆమె ఈ రోజుకూ సరిగ్గా చెప్పలేదు. కూతురు వస్తుంది, చేతులు పట్టుకుంటుంది. ఆ ఒక్క ఆలోచనే తోచింది. నడుముకున్న సంచిలో పీలికలు ఎప్పుడూ ఉండేవే. రెండు తీసింది. ఎడమ మణికట్టుకు ఒకటి, కుడి మణికట్టుకు ఒకటి, నెమ్మదిగా చుట్టి కొసను లోపలికి మడిచింది. ఊళ్లో విరిగిన చేతులన్నిటికీ చుట్టినట్లే. ఈ ఊళ్లో కట్టు అంటే నొప్పిని లోపలుంచి దానంతట అది మానేదాకా ఆగడం. ఆమె చేతులకు తెలిసిన దయ అదొక్కటే. ఆ పైన కఫన్ గుడ్డ పరిచి, కాళ్లవైపూ నడుం దగ్గరా ముళ్లు వేసింది. తలవైపు ముడి వేయకుండా, ఆఖరి చూపు కోసం ముఖం తెరిచి ఉంచింది.

ఇఫ్ఫత్ ఆ పీలికలను చూసింది. వంగి బషీరా పాదాలు ముట్టబోయింది. బషీరా కాళ్లు వెనక్కి తీసుకుంది.

అనీసా వచ్చేసరికి ఎండ గోడల మీద నుంచి దిగుతోంది. కంపెనీ నీలం కోటు విప్పకుండానే వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు ఊగుతోంది. అన్నను చూడలేదు, వదినను చూడలేదు. నేరుగా పరదాలోకి వచ్చి తల్లి ముఖం మీదికి వంగింది. శ్రీకాళహస్తిలో బస్సు మారి, నిలబడే వచ్చిన మనిషి బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

తల్లి చేతుల కోసం ఆమె చెయ్యి కఫన్ మీద తడిమింది. గుడ్డ కింద చెయ్యి దొరికింది. మణికట్టు దొరికింది. అక్కడ ఏదో మందంగా తగిలింది. రెండో చెయ్యి తడిమింది. అక్కడా అంతే.

"ఇదేంది?" అంది అనీసా.

బషీరా వైపు తిరిగింది.

"ఇదేంది ఖాలా? కట్టినారు గదా ఈడ. సచ్చినాక గూడా కట్టినారా మా అమ్మీని?"

అప్పుడు బషీరాకు అర్థమైంది తను చేసిందేమిటో. కప్పుదామనుకుంది. కట్టింది.

అనీసా లేచి పరదా పక్కకు తోసి వాకిట్లోకి వచ్చింది. అక్కడ మగవాళ్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. మసీదు పెద్ద అష్రఫ్ ఉన్నాడు. జుల్ఫికర్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఈదిలో వాళ్లు ఫోన్ జేసి జెప్తే నమ్మలేదు నేను," అంది అనీసా. గొంతు పెద్దది చేయలేదు. పెద్దది చేసే సత్తువ లేదు. "మీ అమ్మను దూడను కట్టేసినట్ల కట్టేస్తాండారు అన్నారు. నిన్ను అడిగితిని. అదేం లేదు పో అంటివి. ఇప్పుడు జెప్పన్నా. కట్టినారా లేదా?"

జుల్ఫికర్ నేల వైపు చూశాడు. "నాకేం తెలుసు. పగలంతా అంగట్లో ఉంటా. ఇంట్లో ఏం జేస్తాదో నేను సూడొచ్చినానా?"

పరదా పక్క నుంచి ఇఫ్ఫత్ అతని వైపు చూసింది. ఒక్కసారే. తర్వాత కళ్లు దించుకుంది.

"అట్లయితే ఇది ఈమె ఒక్కతి పని," అంది అనీసా. "తల్లిని కట్టేసినామె ఈ ఇంట్లో ఉండకూడదు. జనాజా లేసేలోపల పెద్దోళ్లు తేల్చండి. లేదంటే నేను ఈ గడప మళ్లా తొక్కను. అన్న లేడనుకుంటా."

బెంచీల మీద గుసగుస లేచింది. అత్త కఫన్‌లోకి పోయిన రోజే కోడలు బయటికి పోవడం ఊళ్లో ఎవరూ ఎరుగరు. అయినా ఎవరూ కాదనలేదు. అష్రఫ్ చేతిలో జపమాల ఆపి పరదా వైపు తిరిగాడు.

"బషీరా ఉండాది గదా," అన్నాడు. "నీళ్లు పోసింది ఆమె. ఆమె నోట అబద్ధం వచ్చింది నేను ఇనలేదు. ఆమె ఏం జెప్తే అదే. ఏమ్మా, ఆ తల్లి చేతుల మీద ఏమన్నా ఉండాదా?"

గేటు బయట లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది.

ఏమీ లేదు అంటే చాలు. రెండు మాటలు. ఊరంతా నమ్ముతుంది. ఇఫ్ఫత్ ఈ ఇంట్లో ఉంటుంది. అత్త చెప్పిన మాట నిలుస్తుంది. కానీ అత్త మాటలో నోరు మూసుకోమని ఉంది, అబద్ధమాడమని లేదు. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి మౌనం సరిపోయింది. ఇప్పుడు అడిగారు. అడిగాక మౌనం కూడా మాటే. ఉంది అంటే అది నిజమే. కానీ ఆ నిజం ఒక్కదాన్నే బయటికి పంపితే అది దారిలో అబద్ధమై ఇఫ్ఫత్ మెడకు చుట్టుకుంటుంది. వీపు సంగతి ఎవరు చెబుతారు? అది చెప్పాలంటే పోయినామె ఒళ్లు మగవాళ్ల ముందు మాటల్లో పరవాలి.

కప్పమన్నది ఎవరిని? పోయినవాళ్లనా, బతికున్నవాళ్లనా? ఆ మేడ ఇళ్ల వీపులు గుర్తొచ్చాయి. వాటిని కప్పినప్పుడు ఎవరికి పుణ్యం దక్కింది? ఇన్నేళ్ల తర్వాత ఈ ప్రశ్న వచ్చి ముందు కూర్చుంది. దాన్ని లేపి పంపడానికి అత్త లేదు.

బషీరా మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"నేను జెప్పను భాయ్," అంది అష్రఫ్‌తో. "నోటితో జెప్పే పని నాది కాదు. అనీసా, నువ్వు లోపలికి రా. ఇఫ్ఫత్, నువ్వు గూడా."

పరదా మూసింది. బల్ల దగ్గరికి వచ్చి నడుం దగ్గరి ముడి విప్పింది. తెరలకు అవతల ఉన్న ఆడవాళ్లకు ఆ చప్పుడు అర్థమైంది. ఎవరో "యా అల్లా" అన్నారు.

"బషీరా," బయట నుంచి అష్రఫ్ గొంతు. "కఫన్ ముడేసినాక ఇప్పరమ్మా."

"తెలుసు భాయ్."

కఫన్ పక్కకు జరిపింది. తను చుట్టిన పీలికలను తనే విప్పింది. నూనెతో అవి చర్మానికి అంటుకుని, వదిలేటప్పుడు చిన్నగా లాగాయి. గోధుమరంగు గీతలు బయటపడ్డాయి. కర్పూరం ఇంకా అక్కడే ఉంది.

"ఈ పీలికలు నేను సుట్టినవి," అంది బషీరా. "నీకు కనపడకూడదని సుట్టినా. నాది తప్పే. కింద ఉండేది మాత్రం నేను జేసింది కాదు."

అనీసా ఆ మణికట్టును రెండు చేతుల్లోకి తీసుకుంది. బొటనవేలితో గీత మీద రాసింది. వేలికి నూనె అంటింది. వాసన చూసుకుంది.

"కట్టింది," అంది.

"కట్టింది," అంది బషీరా. "సూసినావు గదా. ఇంగ ఈ పక్క పట్టు."

తల్లిని పక్కకు తిప్పడానికి అనీసా ఒక్కతి వల్ల కాలేదు. ఇఫ్ఫత్ ముందుకు వచ్చి భుజం కింద చెయ్యి పెట్టింది. ఎక్కడ పట్టాలో, తల ఎటు వాల్చాలో ఆ చేతికి తెలుసు. ముగ్గురి మధ్యా హుసేన్‌బీ తేలిగ్గా తిరిగింది.

"వీపు సూడు."

అనీసా చూసింది. అరచెయ్యి ఆనించింది. మెడ దగ్గర నుంచి నడుం దాకా నెమ్మదిగా తడుముతూ వచ్చింది, దేని కోసమో వెతుకుతున్నట్లు, అది దొరికితే పని తేలికవుతుందన్నట్లు. ఏమీ దొరకలేదు. తుంటి ఎముక దగ్గర, మంచం ఒరుసుకునే చోట, చర్మం చల్లగా, పొడిగా, నున్నగా ఉంది.

"రాత్రుళ్లు గూడా తిప్పుతాంటివా?" వదిన వైపు చూడకుండానే అడిగింది.

"తిప్పకపోతే ఎట్ల," అంది ఇఫ్ఫత్.

అనీసా చెయ్యి వీపు మీదే ఉండిపోయింది. "అయినా కట్టింది గదా ఖాలా."

వీపు మంచిదైనంత మాత్రాన మణికట్టు మీది గీత చెరిగిపోదు. గీత ఉన్నంత మాత్రాన వీపు అబద్ధం కాదు. ఏది బరువో తూచే తక్కెడ ఆ పరదాల మధ్య ఎవరి దగ్గరా లేదు. బషీరా కఫన్ మళ్లీ సర్దింది. ఈసారి చేతులకు ఏమీ చుట్టలేదు. ముడి వేస్తుంటే వేళ్లు పట్టు తప్పాయి. ఇఫ్ఫత్ కొస అందుకుంది.

అనీసా ముఖం కడుక్కుని బయటికి వచ్చింది. మగవాళ్లు లేచి నిలబడ్డారు.

"కట్టింది నిజమే," అంది. "ఒళ్లంతా వెతికినా ఒక పుండు లేదు, అదీ నిజమే. రెండూ నేనే సూసినా. ఈమెను పొమ్మని నేననను. ఉండమని గూడా నేనెవరు. ఈమె ఇల్లు ఇది."

అష్రఫ్ తలూపాడు. ఎవరో దగ్గారు.

అనీసా అన్న దగ్గరికి వెళ్లింది. అతని కనురెప్ప మీద దూది పీచు ఒకటి వేలాడుతోంది. "కట్టిన గుడ్డ నీ అంగట్లోది. పెట్టిన దూది నీ అంగట్లోది. నువ్వు సూడలేదంటివే, అదొక్కటే నాకు మింగుడు పడలేదన్నా," అంది.

జుల్ఫికర్ వంగి జనాజా ముందు కొయ్యను భుజానికి ఎత్తుకున్నాడు. మిగతావాళ్లు తలా ఒక పక్క పట్టారు. కలిమా చదువుతూ గేటు దాటి, రోడ్డు దాటి, ఖబరస్తాన్ వైపు మలుపు తిరిగారు. గొంతులు సన్నబడి ఎండలో కలిసిపోయాయి.

ఆడవాళ్లు మిగిలారు. ఒకరొకరే కొంగులు సర్దుకుని వెళ్లిపోయారు. పోతూ బషీరా వైపు చూసిన చూపులు అంతకు ముందరివి కావు. ఆమె నోరు తెరవలేదు, నిజమే. కానీ వేసిన ముడి విప్పింది, ఒకరికి చూపించింది. రేపు తమ ముడి కూడా విప్పదని నమ్మకమేమిటి? మునిలక్ష్మి ఒక్కతి గేటు దగ్గర ఆగి, "ఇంటికి రా మే, ఇంత గంజి తాగుదువు," అని వెళ్లింది.

బషీరాకు వెంటనే లేవాలనిపించలేదు. నీళ్ల తొట్టి పక్కన గోడ నీడలో కూర్చుంది. పాదాల కింద రేగాకులు తడితడిగా ఉన్నాయి. అనీసా ఖాళీ మంచం అంచున కూర్చుని మెడలో కార్డును తిప్పుతూ ఉంది. ఇఫ్ఫత్ చీపురుతో చెక్క బల్లను కడుగుతోంది. నెగ్గినవాళ్లు ఎవరూ లేని ఇంట్లో చీపురు చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

ఉన్నట్టుండి ఇఫ్ఫత్ చీపురు వదిలేసి పరుగెత్తింది. గేటు బార్లా తెరిచి ఉంది. జనాజా వెళ్లాక ఎవరూ మూయలేదు. అవతల రోడ్డు, రోడ్డు మీద లారీలు. తడిచేతులతో రెండు రెక్కలూ లాగి గొళ్లెం మీద చెయ్యి వేశాక, అప్పుడు ఆమెకు తెలిసింది, దాటిపోయే మనిషి ఇక లేదని. గొళ్లెం పట్టుకునే అలాగే నిలబడిపోయింది. భుజాలు కదలడం మొదలైంది. పొద్దుటి నుంచి రాని ఏడుపు అది. శబ్దం లేకుండా, దారి మర్చిపోయినదానిలా, ఎక్కడెక్కడో తిరిగి వచ్చింది.

అనీసా మంచం మీద నుంచి చూస్తూ ఉంది. లేచి వెళ్లలేదు. పట్టుకోలేదు. నాయుడుపేట నుంచి వచ్చినప్పటి నుంచీ వదినను పిలవని పిలుపుతో పిలిచింది.

"ఇడ్సిపెట్టు భాభీ," అంది. "తెరిసే ఉండనీ."